ఆకాశం పోయిన రాత్రి

ఆ టెలిఫోన్ భవనంలో చీకటి పడ్డాక నాలుగో అంతస్తుకి ఎవరూ వెళ్ళరు.

పగలంటే అందరూ ధైర్యవంతులే. పొద్దు గూకిందా — లిఫ్టులో నాలుగో నంబరు బటన్ వైపు ఎవరి వేలూ పోదు. నాలుగో అంతస్తులో బాత్రూములు ఖాళీగా ఉంటాయి, అయినా మూడో అంతస్తులో వరస కట్టి నిలబడతారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెవిలో వేస్తారు — "ఆ కారిడార్ చివర ఒక గది ఉంది చూశావా... గడియారాల గది. రాత్రిపూట అటు పోకు." సాయంత్రం ఊడ్చి వెళ్ళే ఆవిడ తప్ప ఆ చివరికి అడుగు పెట్టే మనిషి లేదు.

గడియారాల గది అంటే గోడ గడియారాలనుకునేరు. కాదు. బీరువాల్లాంటి ఇనప పెట్టెలు. వాటిలో ఒకటి, ఊళ్ళో ఉన్న సెల్ టవర్లన్నిటికీ టైము చెబుతుంది. మరి దానికి టైము చెప్పేదెవరు? ఆకాశం. డాబా మీద పుట్టగొడుగంత యాంటెన్నా ఒకటి ఉంది. అది ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకుని కేబుల్ గుండా కిందికి పంపుతుంది.

ఆ సిగ్నల్ పోతే పెట్టె వెంటనే ఆగిపోదు. అన్నాళ్ళూ ఆకాశాన్ని చూసి నేర్చుకున్న నడకని గుర్తు పెట్టుకుని, తనంతట తానే నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ... కొంచెం కొంచెంగా తప్పుతుంది. మైక్రోసెకన్లలో — అంటే సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అలాంటి ముక్క ఒకటిన్నర తప్పిందంటే చాలు, టవర్లు ఒకదాని మాట మీద ఒకటి పడతాయి. ఫోన్లు తెగిపోతాయి. అంబులెన్సు కోసం చేసేవి కూడా.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి సరిగ్గా అదే జరిగింది. పిడుగు పడి యాంటెన్నా కాలిపోయింది. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా ఊరంతా మూగబోయింది. అంబులెన్సు పిలవలేక ఒకింట్లో ఒక మనిషి ప్రాణం పోయింది.

ఆ రాత్రి గడియారాల గదిలో డ్యూటీ సెకన్ల తాతది.

రిటైర్మెంటు దగ్గర పడ్డ టెక్నీషియన్. ఎప్పుడో గొంతు పోయింది, గుసగుస తప్ప మాట రాదు. ఎదురుపడ్డ ప్రతివాడినీ అదే గుసగుసతో అడిగేవాడు — "ఎంత పోయింది?" మైక్రోసెకన్ల సంగతి. నవ్వుకునేవాళ్ళు. డ్యూటీలో నిద్రపోయాడని రిపోర్టు రాసి ఆయన ఉద్యోగం తీసేశారు. తాళాలు అప్పగించడానికి వచ్చినవాడు ఆ గదిలో, తన కుర్చీలో ఒక్క నిమిషం కూర్చుంటానన్నాడు.

మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఇప్పటికి మూడుసార్లు సిగ్నల్ పోయింది. మూడుసార్లూ రాత్రిపూటే. మొదటిసారి వెళ్ళిన టెక్నీషియన్ మెట్ల మీంచి దొర్లి మడమ విరగ్గొట్టుకున్నాడు. రెండోవాడికి వారం రోజులు జ్వరం. మూడోవాడు మర్నాడే రాజీనామా కాగితం బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. ప్రతిసారీ తెల్లారేసరికి సిగ్నల్ దానంతట అదే వచ్చేసింది. ముగ్గురూ చెప్పింది మాత్రం ఒకటే — చీకట్లో ఎవరో గుసగుసగా అడిగారు...

"ఎంత పోయింది?"

నాలుగోసారి వెళ్ళింది చిన్న ఇంజనీరు.

ఉద్యోగంలో చేరి మూడేళ్ళయిన అమ్మాయి. నైట్ డ్యూటీ పడిందంటే ఎవరి కాళ్ళో వేళ్ళో పట్టుకుని మార్పించుకునేది. ఆ రోజు ఎవరూ దొరకలేదు. రాత్రి పదకొండూ పదికి, మొదటి అంతస్తు డ్యూటీ గదిలో, ఆమె ఎదురుగా ఉన్న తెర మీద ఎర్ర గీత వెలిగింది.

మరుక్షణం ఫోన్ మోగింది. ఊరికి అవతలి చివర కంట్రోల్ రూమ్ నుంచి పెద్ద ఇంజనీరు.

"సిగ్నల్ పోయింది. కళ్ళున్నాయా?"

"చూశాను సార్. టెక్నీషియన్ని పంపిస్తాను..."

"ఏ టెక్నీషియన్? ఒక్కడైనా ఎక్కుతాడా? నువ్వే వెళ్ళు. ఈసారి ఫోన్లు తెగితే రిపోర్టులో నీ పేరు రాస్తాను. ఎలా రాస్తారో నీకు చెప్పక్కర్లేదుగా."

ఫోన్ అవతలవాడు పెట్టేశాడు.

కింద వాచ్‌మన్ తాళంచెవి చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి జరిపాడు.

"నన్ను మాత్రం తోడు రమ్మనకండి మేడం. పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి."

"నేను మాత్రం ఎవరికీ ఏమీ కానా?"

"మీకింకా పెళ్ళి కాలేదుగా మేడం," అన్నాడు, అదేదో పెద్ద వెసులుబాటు అయినట్టు.

లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. కారిడార్లో ఒక్క ట్యూబులైటు... వెలుగుతూ, ఆరుతూ. ఆమె నడుస్తుంటే ఆమె అడుగుల చప్పుడే వెనకనుంచి వస్తున్నట్టుంది. ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది.

తాళం తీసింది.

గదిలో చలి. పెట్టెల్లో ఫ్యాన్లు తేనెటీగల్లా రొద పెడుతున్నాయి. ఆమె ముందు చూసింది పెట్టె మీద, ఎన్ని మైక్రోసెకన్లు తప్పిందో చూపించే అంకె. సున్నా పాయింటు ఒకటి. పర్వాలేదు... ఇంకా టైముంది.

అప్పుడు బల్ల మీద ఫైలు కనబడింది. తెరిచి ఉంది. గంటగంటకీ లెక్కలు రాసే కాగితాలు. పైనున్న కాగితం కొత్తది, దాని మీద ఒకే ఒక్క వరస —

"11-10. ఆకాశం పోయింది."

ఆ ఆఫీసులో ఎవరూ అలా రాయరు. "రిఫరెన్స్ ఫెయిల్" అని రాస్తారు. ఆకాశం పోయింది అని రాసే మనిషి ఒక్కడే. ఆ గుండ్రటి అక్షరాలూ, దీర్ఘాలకి ఆ పొడుగాటి తోకలూ... విచారణ జరిగినప్పుడు ఆ రాతతో ఉన్న వందల కాగితాలు ఆమె తన చేతులతో తిరగేసింది. వేలితో తాకింది. సిరా వేలికి అంటింది.

తడి ఇంకా ఆరలేదు.

పారిపోదామనుకుంది. కానీ అంకె మారింది... సున్నా పాయింటు ఒకటి రెండు. అవతల ఊరు. ఎవరింట్లో ఎవరికి ఊపిరాడటం లేదో. టార్చీ పట్టుకుని గది పక్కనున్న ఇనప మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళింది. తన ఫోను ఫైలు పక్కనే మర్చిపోయిన సంగతి పైకి వెళ్ళాక గానీ తెలియలేదు.

డాబా మీద గాలి లేదు. యాంటెన్నా దగ్గర కూర్చుని టార్చీ వేసింది. కాలలేదు. విరగలేదు. ఎలకలు కొరకలేదు. కేబుల్‌ని ఎవరో చక్కగా మర తిప్పి విప్పారు. విప్పి, కొసకి తేమ తగలకుండా చిన్న ప్లాస్టిక్ మూత కూడా పెట్టారు.

దెయ్యం మూత పెడుతుందా? అన్న ఆలోచన వచ్చింది గానీ, దానివల్ల భయం తగ్గలేదు. మనిషైతే ఇంకా ఘోరం.

మూత తీసి మర బిగించింది. ఇక కాసేపట్లో పెట్టెకి ఆకాశం మళ్ళీ కనబడుతుంది. లేచి రెండడుగులు వేసిందో లేదో —

ధడేల్!

డాబా తలుపు మూసుకుంది. లోపలినుంచి గడియ పడ్డ చప్పుడు.

"ఎవరది? ఏయ్... ఎవరు? తలుపు తియ్యండి!"

బాదింది. గొంతు చించుకుంది. నాలుగంతస్తుల కింద వాచ్‌మన్‌కి వినబడితే కదా. చివరికి చెయ్యి నొప్పెట్టి ఆగిపోయింది.

అప్పుడు... దగ్గు.

పొడి దగ్గు. యాంటెన్నా పక్కనుంచి. కేబుల్ కింద గదిలోకి దిగే గొట్టం లోంచి వస్తోంది. జానెడు వెడల్పు గొట్టం. ఆమె అటు చూసింది.

"ఎంత... పోయింది?"

గుసగుస. గుసగుసకి ఆడా మగా తేడా ఉండదు. వయసూ ఉండదు.

ఆమె గొట్టం దగ్గర కూలబడింది.

"తాతగారూ... నన్నొదిలెయ్యండి."

"మూడు ఉత్తరాలు రాశాడు. ఏమని రాశాడు?"

"ఏసీ గురించి... కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రి పది తర్వాత బిల్డింగు మొత్తానికి ఏసీలు ఆపెయ్యమని సార్ ఆర్డరు వేశారు. ఈ గదికి మాత్రం ఆపొద్దని రాశారు. గది వేడెక్కితే పెట్టె నడక తప్పుతుందని... ఆకాశం ఉన్నప్పుడు సర్దుకుంటుంది గానీ, పోయిన రాత్రి సర్దుకోదని."

"ఎక్కడున్నాయి ఆ ఉత్తరాలు?"

"సార్ చింపేశారు. నా ఎదుటే."

"రిపోర్టులో?"

"ఉత్తరాలేవీ రాలేదని రాశాం. తాతగారు నిద్రపోయారని..."

"నిద్రపోయాడా?"

"లేదు!" ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నిద్రపోలేదు. తెల్లారేదాకా లెక్కలు రాశారు. ఆ చిత్తు కాగితం చూపించబోతే సార్ ముట్టుకోను కూడా లేదు. నేను టైపు చేశాను... సార్ చెబుతుంటే నేనే టైపు చేశాను. కింద నేనే సంతకం పెట్టాను. వారం తిరక్కుండా ఈ గదికి ఏసీ ఆపొద్దని కొత్త ఆర్డరు వచ్చింది. ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు."

కాసేపటికి డాబా తలుపు గడియ తీసిన చప్పుడైంది.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి. బల్ల పక్కన నిలబడి ఉంది — రోజూ సాయంత్రం ఊడ్చే ఆవిడ. నీలం కోటు. తలకి గుడ్డ. చేతిలో చీపురు లేదు, అంతే తేడా.

"మీరా...?"

"నేనే. ఆయన పెళ్ళాన్ని."

గొంతు బొంగురుగా, మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం నిప్పులు.

"ఆయన పోయిన నాలుగో నెల్లో ఊడ్చే పనికి చేరాను. ఏడాదిన్నరగా మీ అందరి కాళ్ళ కింద ఊడుస్తున్నాను. ఒక్కళ్ళైనా తలెత్తి నా మొహం చూశారా? ఆయన చెయ్యి వణికేది. చిత్తు కాగితం మీద రాసుకొస్తే ఇంట్లో సాపు రాసింది నేను. పాతికేళ్ళు రాశాను. మీరంతా ఆయన రాత అనుకున్నది నా రాత."

ఫైల్లోంచి మూడు కాగితాలు తీసి ఆమె మొహం ముందు ఆడించింది.

"ఊడ్చడానికిచ్చిన తాళంచెవి నా దగ్గరుంది. సాయంత్రం వెళ్ళకుండా ఇక్కడే నక్కి, మూడు రాత్రులు నేనే కేబుల్ విప్పాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోయారు. తెల్లారేముందు నేనే బిగించాను. గంటగంటకీ రాశాను చూడు. చల్లటి గదిలో అయిదు గంటలైనా అర మైక్రోసెకను తప్పలేదు. ఇదే పెట్టె! ఆయన పెట్టె! వాళ్ళు పారిపోయినా నేను ఏమీ అనుకోలేదు. నీ డ్యూటీ కోసం చూశాను. ఎన్నిసార్లు మార్పించుకున్నావే నువ్వు!"

అప్పుడు ఎక్కడినుంచో సన్నగా... దోమ అరిచినట్టు... ఒక గొంతు.

గోడకున్న ఫోను. కంట్రోల్ రూమ్‌కి తిన్నగా కలిసే ఫోను. పోయినేడాది నుంచి అందులో మాట్లాడిన ప్రతి మాటా అవతల రికార్డు అవుతుంది. దాని రిసీవర్ తీసి, తీగ సాగదీసి, గొట్టం కింద ర్యాకు మీద పెట్టి ఉంది. అందులోంచి పెద్ద ఇంజనీరు అరుస్తున్నాడు.

"పెట్టెయ్యి! ఎవరక్కడ? ఫోన్ పెట్టెయ్యమంటున్నాను! చెల్లదు... వినబడుతోందా? దెయ్యం భయంతో ఆ పిల్ల ఏదో వాగింది. బెదిరించి చెప్పించిన మాట ఎక్కడా చెల్లదు!"

ఊడ్చే ఆవిడ మొహంలో మొదటిసారి రంగు మారింది. రెండేళ్ళు పన్నిన పన్నాగం. ఈ ఒక్క ముక్క ఆమెకి తట్టలేదు.

చిన్న ఇంజనీరు చెయ్యి చాచి రిసీవర్ అందుకుంది. ఊడ్చే ఆవిడ ఆమె మణికట్టు గట్టిగా పట్టేసింది, గోళ్ళు దిగేలా.

"పెట్టేశావో... ఇక్కడే చంపుతాను."

"పెట్టను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఫోన్లో తన పేరు చెప్పింది, ఉద్యోగం నంబరు చెప్పింది, తేదీ, టైమూ చెప్పింది. "గదిలో లైట్లు వెలుగుతున్నాయి. నా ఎదురుగా మనిషి ఉంది, దెయ్యం కాదు. నన్నెవరూ బెదిరించట్లేదు," అంది, గోళ్ళు ఇంకా చేతిలో దిగే ఉన్నాయి. ఉత్తరాల సంగతి, రిపోర్టు సంగతి, అంతా మొదటినుంచి మళ్ళీ చెప్పింది — ఏడవకుండా, ఎక్కడా తడబడకుండా.

అవతల పెద్ద ఇంజనీరు ఫోన్ పెట్టేశాడు.

ఆ పైన జరగాల్సినవన్నీ జరిగాయి. విచారణ మళ్ళీ తెరిచారు. పెద్ద ఇంజనీరుని ఇంటికి పంపారు. నిద్రపోయాడన్న మాట తాత పేరు మీంచి కొట్టేశారు. కేబుల్ విప్పినందుకు ఊడ్చే ఆవిడ మీద కేసు పెడితే, "అవును, విప్పాను," అని నిలబడి చెప్పింది. చిన్న ఇంజనీరు ఉద్యోగమూ పోయింది. ఇదంతా ఆ భవనంలో ఎవరినడిగినా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఫోన్ పెట్టేశాక ఆ గదిలో జరిగింది.

పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. ఆకాశం వచ్చేసింది. ఊడ్చే ఆవిడ ఆమె చెయ్యి వదిలేసి, కాగితాలు సర్దుకుని వెళ్ళబోతోంది. అంతటితో అయిపోయేదే. కానీ చిన్న ఇంజనీరు నోట్లోంచి మాట వచ్చేసింది.

"అమ్మా... ఇంకొకటుంది. అది ఫోన్లో చెప్పలేదు."

ఆవిడ వెనక్కి తిరిగింది.

"పిడుగు పడిన ఆ రాత్రి నేను కంట్రోల్ రూమ్‌లో ఉన్నాను. అప్పుడు నేను ట్రైనింగులో ఉన్నాను. ఏసీల స్విచ్చులు అక్కడే ఉంటాయి. తాతగారు ఫోన్ చేశారు... రెండుసార్లు. గది వేడెక్కుతోంది, పెట్టె తప్పుతోంది, ఏసీ వెయ్యి తల్లీ అన్నారు. సార్‌ని అడక్కుండా వెయ్యకూడదన్నాను. సార్‌ని లేపు అన్నారు. లేపితే తిడతారని..." ఆమె తన కుడిచేతి వైపు చూసుకుంది. "స్విచ్చు నా చేతికి అందేంత దూరంలో ఉంది."

ఊడ్చే ఆవిడ నీలం కోటు లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం. వంకర టింకర అక్షరాలు, వణికే చేతి రాత. చిత్తు కాగితం. పెద్ద ఇంజనీరు ముట్టుకోని కాగితం. ఆ రాత్రిది.

బల్ల మీద పరిచి ఒక వరస మీద వేలు పెట్టింది.

"చదువు."

చిన్న ఇంజనీరు వంగి చదివింది.

"1-20. ఏసీ కోసం రెండోసారి ఫోన్. ఎత్తింది ఎవరో అమ్మాయి, పేరు..."

ఆ తర్వాత రెండంగుళాల ఖాళీ.

"పేరడిగాడా?" అంది ఆవిడ.

"అడిగారు. లెక్కల్లో రాసుకోవాలమ్మా, పేరు చెప్పు అన్నారు. నేను... ఫోన్ పెట్టేశాను."

"మర్నాడు కనుక్కుని రాస్తానని వదిలాడు. రెండేళ్ళయింది. దీన్ని ఇంకా సాపు రాయలేదు నేను." ఆవిడ పెన్ను తీసి కాగితం మీద పెట్టింది. "రాయి."

చిన్న ఇంజనీరు రాసింది. రెండక్షరాలు. ఖాళీలో సగం కూడా నిండలేదు.

ఊడ్చే ఆవిడ కాగితం దీపం కిందికి పట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది —

"ఇంతేనా నీ పేరు? చెప్పడానికి ఎంతసేపు పట్టేదని?"